ఆకు ఏపుగా ఉంది, మందే లేదు: ఒక బెల్లడోనా పంట కేసు

ఈ కేసులో నేను ఏడు వారాలు ఆకు చుట్టూ తిరిగాను. సమస్య ఆకులో లేదు. మొదటి రోజే అడగాల్సిన ఒక ప్రశ్న అడగకపోవడం వల్ల పెంపకందారుకు ఒక కోత మొత్తం పోయింది. నాకు కూడా అంత తేలిగ్గా మరిచిపోలేని పాఠం అయింది. అందుకే రాస్తున్నాను. పెంపకందారు, నర్సరీ, మొక్క రకం తెలిసిపోయే వివరాలన్నీ తీసేశాను. అంకెలు నా నోటుబుక్కులోవే, కాస్త సర్దాను.

నేపథ్యం

బెల్లడోనా మందు కోసం పెంచే మొక్క. దానిది టమాటా, వంగ, పొగాకు, ఉమ్మెత్తల కుటుంబమే. దాని ఆకులో మందుగా పనికొచ్చేవి ఆల్కలాయిడ్లు, అంటే మొక్కలు తయారుచేసే ఒక రకం నత్రజని రసాయనాలు: హయోసయమిన్ ఎక్కువగా, స్కోపొలమిన్ కొద్దిగా ఉంటాయి. మనం అట్రోపిన్ అని పిలిచేది ఈ హయోసయమిన్ మరో రూపమే. ఎండు ఆకులో మొత్తం ఆల్కలాయిడ్లు, హయోసయమిన్‌గా లెక్కగడితే, 0.30 శాతానికి తగ్గకూడదని మందుల ప్రమాణాల పుస్తకమైన యూరోపియన్ ఫార్మకోపియా చెబుతుంది. ఆకు కొనేవాళ్లు చూసేది ముఖ్యంగా ఈ అంకెనే. ఆకు ఎంత అందంగా ఉన్నా అంకె రాకపోతే అది గడ్డితో సమానం.

మా కేసులోని పెంపకందారు గ్రీన్‌హౌస్‌లో, కొబ్బరిపొట్టు నింపిన సంచుల్లో ఈ మొక్కను కొన్నేళ్లుగా పెంచుతున్నారు. మామూలుగా 0.40 నుంచి 0.45 దాకా వచ్చేది. అంతకుముందు ఏడాది వేరుకుళ్లు తగిలి మూడో వంతు మొక్కలు పోయాయి. ఈసారి నారు మరో నర్సరీలో పెట్టించారు. తల్లి మొక్కలు మాత్రం పాతవే, అదే క్లోన్ (ఒకే మొక్క నుంచి కొమ్మలతో పెంచుకొచ్చిన రకం). నాకు వచ్చిన కాగితంలో క్లోన్ పేరు, నాటిన తేదీ, ఎరువుల పట్టిక ఉన్నాయి. మొక్కల గురించి అంతకుమించి ఏమీ లేదు. నేనూ అడగలేదు.

వచ్చిన సమస్య

మొదటి కోతలో 0.38 వచ్చింది. కాస్త తక్కువే అయినా ఎవరూ పట్టించుకోలేదు. రెండో కోతలో 0.11. మళ్లీ శాంపిల్ తీస్తే 0.07. కొనేవాళ్లు సరుకు వెనక్కి పంపారు.

విచిత్రం ఏమిటంటే పంట ఎన్నడూ లేనంత బాగుంది. ఆకులు వెడల్పుగా, ముదురు పచ్చగా ఉన్నాయి. ఒక్కో మొక్కకు ఆకు బరువు ముందటేడు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. వేరుకుళ్లు జాడ లేదు. ఫోన్‌లో పెంపకందారు గొంతులో టెన్షన్ కంటే అవమానమే ఎక్కువ వినిపించింది: "ఇంత మంచి పంట నేనెప్పుడూ తీయలేదండీ. దీన్ని చెత్త అంటున్నారు."

ముందు అంకెనే అనుమానించాను

ఇలాంటి కేసు రాగానే నేను మొక్క జోలికి పోను, ముందు కొలత జోలికి పోతాను. ఆకును ఎక్కువ వేడిలో ఎండబెట్టినా, తడిగా కుప్ప పోసినా, తీసే పద్ధతిలో క్షారం సరిపోకపోయినా ఆల్కలాయిడ్ తక్కువ కనబడుతుంది. ముందటేడు ఆకు కొంత నా దగ్గర డబ్బాలో మిగిలి ఉంది. దాన్ని, కొత్త ఆకును పక్కపక్కన పెట్టి ఒకే రోజు, ఒకే ద్రావణాలతో నడిపించాను. పాతది 0.42, కొత్తది 0.07. పచ్చి ఆకు తెప్పించి నా ఓవెన్‌లోనే ఎండబెట్టినా అంతే వచ్చింది. కొలతలో తప్పు లేదు. ఆకులోనే లేదు.

తర్వాత పలచబడిందేమో అని లెక్క వేశాను. మొక్క తయారు చేసే ఆల్కలాయిడ్ అంతే ఉండి ఆకు బరువు ఒకటిన్నర రెట్లయితే, 0.42 కాస్తా 0.28 అవుతుంది. 0.07 అవదు. అంటే ఎక్కడో తయారీయే పడిపోయింది, లేదా తయారైంది ఆకు దాకా రావడం లేదు. ఈ వాక్యం నోటుబుక్కులో నా చేతిరాతతోనే ఉంది. ఆ రెండో సగాన్ని రాసి కూడా వదిలేశాను. ఇప్పుడు ఆ పేజీ చూస్తే ఒళ్లు మండుతుంది.

పని చేయనివి

మొదట నత్రజని. ఆల్కలాయిడ్ అణువులో నత్రజని ఉంటుంది కాబట్టి ఎరువు పెంచితే అది పెరగడం పొగాకులో అందరికీ తెలిసిన సంగతే. పెంపకందారు సలహాదారు కూడా అదే అన్నారు. రెండు వారాలు పెంచాం. ఆకు ఇంకా పచ్చబడింది. అంకె 0.06.

తర్వాత మిథైల్ జాస్మొనేట్ పిచికారీ. ఆకును పురుగు కొరికినా, మనం తుంచినా మొక్క జాస్మొనేట్ సంకేతం పుట్టిస్తుంది. ఆ సంకేతం కిందికి దిగి వేళ్లకు చేరితే, వేళ్లు ఆల్కలాయిడ్ తయారీ పెంచి పైకి పంపుతాయి. పొగాకులో తల తుంచితే నికోటిన్ పెరగడంలో ఇదీ ఒక కారణం. కాబట్టి పిచికారీ చేస్తే ఈ మొక్క కూడా మేలుకుంటుందనుకున్నాను. నలభై మొక్కల మీద చేశాం. ఏమీ కదలలేదు. డోసు చాలలేదేమోనని రెట్టింపు చేయించాను. ఆకుల అంచులు మాడాయి తప్ప అంకె మారలేదు.

ఇక్కడ నా ఆలోచన ఎలా తప్పిందో కొంచెం వివరంగా చెప్పాలి. పిచికారీ పని చేయకపోవడం కూడా ఒక ఫలితమే. సంకేతం ఇచ్చాం, జవాబు రాలేదు. అయితే సంకేతం వేళ్లకు చేరలేదు, లేదా చేరిన చోట జవాబిచ్చే శక్తి లేదు. ఈ రెండూ వేళ్ల వైపే వేలు చూపిస్తున్నాయి. నేను మాత్రం "మందు చాలలేదు" అనే మూడో కారణం పట్టుకున్నాను. చేతిలో సీసా ఉన్నప్పుడు ఇంకో మోతాదు పోయడం తేలిక. సంచి విప్పి వేళ్లు కడగడం కష్టం.

కలిపిన శాంపిల్ దాచిన సంగతి

దారి మళ్లింది ఒక విసుగు వల్ల. అప్పటిదాకా అన్ని శాంపిళ్లూ కలిపినవే: ఇరవై మొక్కల ఆకు కలిపి పొడి చేసి ఒక్క అంకె. ఇక చేసేదేం లేక ఆ ఇరవైనీ విడివిడిగా నడిపించాను. పదిహేడు మొక్కల్లో 0.03 అటూఇటూ. మిగిలిన మూడింటిలో 0.29, 0.33, 0.26.

సగటు వేస్తే సరిగ్గా 0.07. ఆ అంకె ఉన్న మొక్క తోటలో ఒక్కటీ లేదు! ఉన్నవి రెండు రకాల మొక్కలు: దాదాపు ఖాళీవి, దాదాపు మామూలువి. ఎరువు లోపమో, వెలుతురు లోపమో అయితే అంకెలు మెట్లు మెట్లుగా ఉండాలి. ఇలా రెండు గుంపులుగా విడిపోయాయంటే మొక్క లోపలే ఏదో ఉందా, లేదా అన్న తేడా ఉండాలి.

ఇంకొకటి కూడా చేశాను. ఖాళీ మొక్కల్లో పాత ఆకులు కొన్ని కింద మిగిలి ఉన్నాయి. వాటిని విడిగా చూస్తే 0.30 దాటింది. అదే మొక్క పై ఆకుల్లో 0.03. పాత ఆకు పుట్టినప్పుడు సరఫరా ఉంది, కొత్త ఆకు పుట్టేసరికి లేదు. ఆకే తయారు చేసుకునేదైతే ఇలా ఉండదు.

అప్పుడు వేళ్ల వైపు తిరిగాను.

కాండం కోసి చూసినప్పుడు

వేళ్ల నుంచి ఏం పైకి వస్తోందో చూడాలంటే నేరుగా చూడొచ్చు. సాయంత్రం బాగా నీళ్లు పెట్టించి, తెల్లవారుజామున వెళ్లాను. ఆ వేళకు ఆకులు నీటిని ఇంకా లాగడం మొదలుపెట్టవు. వేళ్ల ఒత్తిడికే రసం పైకి తోసుకొస్తుంది. కొత్త బ్లేడుతో కాండాన్ని సంచి పైనుంచి నాలుగు వేళ్ల ఎత్తులో ఒక్క కోతకు కోశాను. కోసిన చోట మొదట వచ్చే చుక్కల్లో చితికిన కణాల రసం కలుస్తుంది. అందుకే ఆ నాలుగైదు చుక్కలను టిష్యూతో అద్దేశాను. తర్వాత మోడుకు మెత్తటి సిలికాన్ గొట్టం బిగించి, అందులో ఊరిన రసాన్ని పది నిమిషాలకొకసారి పిపెట్‌తో పీల్చి, ఐసులో పెట్టిన సీసాలో పోశాను. గంటసేపు. నీళ్లలాగే ఉంటుంది, రంగు ఉండదు.

పోల్చడానికి పాత తల్లి మొక్కలు మూలన నాలుగు ఉన్నాయి. వాటిలో రెండింటిని కోయడానికి పెంపకందారు ఒప్పుకున్నారు, మనసు లేకుండానే. అంకె బాగున్న మూడు మొక్కల్లోనూ ఒకదాన్ని కోశాం.

గాఢత ఒక్కటీ చూస్తే మోసపోతాం. రసం తక్కువ వచ్చి చిక్కగా ఉండొచ్చు, ఎక్కువ వచ్చి పలచగా ఉండొచ్చు. ఆకుకు చేరేది గాఢతను గంటకు వచ్చిన రసంతో హెచ్చిస్తే వచ్చే మొత్తం. కాబట్టి రెండూ రాసుకున్నాను. ఖాళీ మొక్కల మోళ్ల నుంచి రసం తల్లి మొక్కల కంటే ఎక్కువే వచ్చింది. కానీ యంత్రంలో హయోసయమిన్ రావాల్సిన చోట గీత చదునుగా పోయింది. తల్లి మొక్కల రసంలో ఆ చోటే స్పష్టంగా ఒక శిఖరం. బాగున్న మొక్క రసంలో చిన్న శిఖరం.

నీళ్లు దండిగా వస్తున్నాయి. సరుకు మాత్రం ఎక్కడం లేదు.

సంచి విప్పాక

రెండు రోజుల తర్వాత ఈ ఫలితం చేతపట్టుకుని మళ్లీ వెళ్లాను. ఒక ఖాళీ మొక్కను, బాగున్న మొక్క ఒకదాన్ని సంచితో సహా తొట్టెలో ముంచి, పొట్టు పోయేదాకా నీళ్లు పోస్తూ కడిగాం. బెల్లడోనా వేరు లావుగా, కండపట్టి, లేత గోధుమరంగులో ఉంటుంది. ఖాళీ మొక్కకు ఉన్నవి సన్నటి పీచువేళ్లు, జడలా. వేళ్లకు పైన కాండం మీద ఒక కణుపులాంటి ఉబ్బు. ఆ ఉబ్బుకు అతుక్కుని చిటికెనవేలి గోరంత సిలికాన్ ముక్క ఉంది. ఉబ్బు కింద చిన్న పిలక ఒకటి పొట్టులోంచి బయటికి రావాలని చూస్తోంది. దాని ఆకు తుంచి వేళ్ల మధ్య నలిపాను. టమాటా వాసన!

సూపర్‌వైజర్ పక్కనే ఉన్నారు.

"ఇవి అంటు మొక్కలా అండీ?"

"అవునండీ. వేరుకుళ్లు తట్టుకుంటాయని నర్సరీవాళ్లే టమాటా మీద కట్టారు. మీకు తెలుసనుకున్నాం."

"కాగితంలో లేదే."

"మీరు అడగలేదు కదండీ."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నాకు పంపిన ఆకులు బెల్లడోనావే. క్లోన్ పేరూ నిజమే. కింద ఎవరి వేళ్లున్నాయన్నది మాత్రం కాగితంలో పెట్టడానికి గడి లేదు. ఆ కాగితం నమూనా తయారుచేసింది నేనే.

బాగున్న మొక్కను కడిగితే కథ ఇంకాస్త తేలింది. దానికీ టమాటా వేళ్లున్నాయి. కానీ నాటినప్పుడు లోతుగా దిగిపోవడంతో అంటు ఉబ్బు పొట్టులో కూరుకుపోయింది. ఉబ్బుకు పైన, బెల్లడోనా కాండం నుంచే మూడు నాలుగు లావు వేళ్లు దిగాయి. ఆ నాలుగు వేళ్లే ఆ మొక్కను 0.30 దగ్గర నిలబెట్టాయి.

ఎందుకిలా జరిగింది

బెల్లడోనాలో హయోసయమిన్ తయారయ్యేది వేళ్లలో. వేరు మధ్యలోని నాళాల కట్ట చుట్టూ పరిచక్రం అని ఒక పలచటి కణాల పొర ఉంటుంది. ఈ తయారీ మొదటి మెట్టు ఎంజైమూ, హయోసయమిన్‌ను స్కోపొలమిన్‌గా మార్చే చివరి ఎంజైమూ అక్కడే పనిచేస్తాయి. మధ్యలో ఒక మెట్టు మాత్రం దాని బయటి పొరల్లో జరుగుతుంది. అంటే వేరు లోపలే సరుకు ఒక కణం నుంచి ఇంకో కణానికి చేతులు మారుతుంది. పూర్తయిన సరుకు పక్కనే ఉన్న జైలం నాళాల్లోకి చేరుతుంది. పాఠ్యపుస్తకాల్లో దారువు అంటారే, అదే. ఆకులు నీటిని ఆవిరి చేస్తూ లాగుతుంటే దానితోపాటే పైకి వెళ్తుంది.

జైలం రసం కాస్త ఆమ్లంగా ఉంటుంది. అందులో ఆల్కలాయిడ్ అణువు ఒక ప్రోటాన్ పట్టుకుని ధనావేశంతో ఉంటుంది, కాబట్టి దారిలో కణపొరల గుండా ఊరికే జారిపోదు. ఆకులో దాన్ని రవాణా ప్రోటీన్లు రిక్తికలోకి, అంటే కణం లోపలి నీటి సంచిలోకి, తోస్తాయి. పొగాకులో నికోటిన్‌కు ఈ పని చేసే ప్రోటీన్లను 2009లో గుర్తించారు: వేరు కణాల్లో మేట్ రకం ప్రోటీన్లు, ఆకు రిక్తిక పొర మీద జాట్1. రిక్తిక కూడా ఆమ్లమే. లోపలికి పోయిన ఆల్కలాయిడ్ అక్కడే చిక్కుకుంటుంది. ఇది సెల్లార్‌లాంటిది: తయారీ ఇంకెక్కడో, నిల్వ ఇక్కడ.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. 1940ల మొదట్లో రే డాసన్ అనే శాస్త్రవేత్త టమాటా కొమ్మను పొగాకు వేరుమూలం (అంటులో కింద వేళ్లుండే భాగం) మీద అంటుకట్టారు. టమాటా ఆకుల్లో నికోటిన్ చేరింది. తలకిందులుగా, పొగాకు కొమ్మను టమాటా మీద కడితే పొగాకు ఆకుల్లో నికోటిన్ దాదాపు లేకుండా పోయింది. ఉమ్మెత్తతో కూడా అదే దశాబ్దంలో ఇలాంటి అంట్లు కట్టి చూశారు. మా నర్సరీ తెలియకుండానే డాసన్ ప్రయోగాన్ని వేల మొక్కల మీద మళ్లీ చేసింది. ఫలితం కూడా అదే వచ్చింది.

ఇలా చూస్తే ముందటి చిక్కులన్నీ విడిపోతాయి. మొదటి కోత 0.38 ఎందుకంటే, అంటుకొమ్మ తన సొంత వేళ్లున్న తల్లి మొక్క నుంచి వచ్చింది. ఆ కొమ్మ మీద అప్పటికే ఉన్న ఆకులు పాత నిల్వతో వచ్చాయి. ఆ నిల్వ రిక్తికల్లో ఇరుక్కుని ఉంది కాబట్టి కొత్త ఆకులకు పెద్దగా పంచలేదు. జాస్మొనేట్ సంకేతం కిందికి దిగే ఉంటుంది, కానీ అక్కడున్నవి టమాటా వేళ్లు. హయోసయమిన్ తయారుచేసే ఎంజైములు వాటికి లేవు. ఎవరూ లేని ఇంటి తలుపు తట్టినట్టు. నత్రజని కూడా అంతే. టమాటా వేళ్లు దాన్ని చక్కగా పీల్చి ఆకుకు పంపాయి, ఆకు పెరిగింది. పంట అంత అందంగా ఉండడానికి, అంత పనికిమాలింది కావడానికి కారణం ఒకటే.

పెంపకందారు ఇక్కడ ఒక మంచి ప్రశ్న వేశారు: టమాటా వేళ్ల నుంచి టమాటా విషం ఈ ఆకుల్లోకి ఎక్కి ఉండదా? టమాటిన్ లాంటి స్టీరాయిడ్ ఆల్కలాయిడ్లు ప్రధానంగా ఏ భాగంలో పుడితే అక్కడే ఉంటాయి, అంటు దాటి పెద్దగా ప్రయాణించవు. అయినా చూశాను, కనబడలేదు. నాకు అసలు భయం వేరే వైపు. ఉబ్బు కింద నుంచి వచ్చిన టమాటా పిలకల్ని ఎవరైనా పెరగనిచ్చి కాయలు కోస్తే? ఆకులు చేసిన ఆహారాన్ని మోసే ఫ్లోయం నాళాల్లో కిందికి దిగే రసంలో ఎంతో కొంత హయోసయమిన్ ఉండొచ్చు. పరీక్ష చేసి తేల్చేంత తీరిక తీసుకోలేదు. ఆ రోజే పిలకలన్నీ తీయించి కాల్పించాను. టమాటాను ఉమ్మెత్త మీదో, బెల్లడోనా మీదో అంటుకట్టడం సరదాకు కూడా చేయకూడదు. కాయ చూడటానికి మామూలుగానే ఉంటుంది.

ఏం చేయాలి?

మూడు దారులు కనబడ్డాయి. పంట పీకేసి మళ్లీ నాటడం సాంకేతికంగా సరైనదే, కానీ ఏడాది పోతుంది. రెండోది, వేరుమూలం మార్చడం: ఉమ్మెత్త వేళ్లు కూడా హయోసయమిన్, స్కోపొలమిన్ చేస్తాయి కదా, వాటి మీద కడితే? ఇది కాసేపు ఊరించింది. కానీ హయోసయమిన్, స్కోపొలమిన్ల నిష్పత్తిని ప్రధానంగా నిర్ణయించేది ఆ చివరి ఎంజైము, అది ఉండేది వేరులో. వేరు మారితే ఆకులో నిష్పత్తి మారుతుంది. బెల్లడోనా ఆకు పేరుతో ఉమ్మెత్త రసాయనం అమ్మినట్టవుతుంది. వద్దన్నాను.

మూడోది ఆ మూడు మొక్కలే చూపించాయి: అంటుకొమ్మకు సొంత వేళ్లు పుట్టించడం. బెల్లడోనా ముదురు కాండానికి వేళ్లు అంత తేలిగ్గా రావు. కాబట్టి ఉబ్బుకు పైన కాండం తోలును గోటితో గీకినంత తేలిగ్గా గీకి, వేళ్లు తెప్పించే హార్మోన్ పొడి అద్ది, నల్ల ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా చీల్చి కాండం చుట్టూ తొడిగి, దాన్ని తడి పొట్టుతో నింపాం. నల్లది ఎందుకంటే చీకటి కావాలి. ముందు వంద మొక్కల మీదే చేయించాను. ఏడు వారాలు నష్టపోయాక అందరికీ తొందరగానే ఉంటుంది. అందరికంటే తొందరపడి తప్పు చేసింది నేనే కాబట్టి ఈసారి కాళ్లు నేల మీద పెట్టుకున్నాను.

నాలుగు వారాలకు తొడుగు విప్పితే సుమారు డెబ్బై మొక్కలకు తెల్లటి వేళ్లు. ఐదో వారం చివర వాటి కొత్త ఆకుల్లో 0.12. అప్పుడు మిగతా పంటకూ చేయించాం. తొమ్మిదో వారానికి మొదటి వందలో వేళ్లు పట్టినవి 0.25 దగ్గరికి వచ్చాయి.

అక్కడే ఆగిపోయాయి. కింద టమాటా వేళ్లు నీళ్లు, పోషకాలు దండిగా పంపుతూ ఆకును పెంచుతూనే ఉన్నాయి, ఆల్కలాయిడ్ పంపేవి మాత్రం కొన్ని కొత్త వేళ్లే. టమాటా వేళ్లను కోసేస్తే పలచబడటం ఆగుతుందని పన్నెండు మొక్కల మీద ప్రయత్నించాం. ఏడు మొక్కలు రెండు రోజుల్లో వాడిపోయాయి. ఆపేశాం. ఇక్కడ ఇంకో బాధ కూడా ఉంది: సొంత వేళ్లు పుట్టిన మొక్కకు వేరుకుళ్లు భయం మళ్లీ వచ్చినట్టే. టమాటా వేరు ఇచ్చిన రక్షణ, మందు లేకపోవడం, రెండూ ఒకే మూటలో వచ్చాయి. ఒకదాన్ని వదిలించుకుంటే రెండోదీ పోతుంది.

0.25 ఆకును ఫార్మకోపియా ఆకుగా అమ్మలేం. కానీ ప్రామాణిక బెల్లడోనా పొడి అని ఇంకో సరుకు ఉంది. అందులో ఆల్కలాయిడ్లు 0.28కి, 0.32కి మధ్య ఉండాలి. బలం ఎక్కువున్న ఆకు పొడిని లాక్టోజ్‌తో గానీ, బలం తక్కువున్న బెల్లడోనా ఆకు పొడితో గానీ కలిపి ఆ హద్దులోకి తేవచ్చు. మా ఆకు ఆ పనికి పోయింది. ధర తక్కువే, కానీ తగలబెట్టాల్సిన అవసరం తప్పింది. కొనేవాళ్లకు అంటు సంగతి ముందే రాతపూర్వకంగా చెప్పించాను.

తర్వాతి సీజన్‌లో సొంత వేళ్ల మొక్కలే నాటారు. వేరుకుళ్లును వేరుమూలంతో కాక నీటితో పట్టాలని నిర్ణయించాం: సంచి అడుగున రంధ్రాలు పెంచడం, ఒకేసారి ఎక్కువ కాక కొద్దికొద్దిగా చాలాసార్లు తడపడం, పారిన నీటిని శుద్ధి చేయకుండా తిరిగి వాడకపోవడం. కొన్ని మొక్కలు పోయాయి, మూడో వంతు మాత్రం కాదు. అంకె 0.40 దాటింది.

ఈ కేసు చెప్పేది ఎంతవరకు

దీన్ని చదివి "ఆల్కలాయిడ్ అంటే వేరు నుంచే వస్తుంది" అని ఎవరైనా అనుకుంటే ఇంకో కేసులో దెబ్బ తింటారు. లూపిన్ అనే పప్పుజాతి మొక్కలో క్వినొలిజిడిన్ ఆల్కలాయిడ్లు పుట్టేది ఆకుల్లో, హరితరేణువుల దగ్గర మొదలై. అక్కడి నుంచి ఫ్లోయం గుండా గింజలకు చేరతాయి. అక్కడ గింజ చేదెక్కితే వేళ్లు కడిగి ప్రయోజనం లేదు. సెనీసియో జాతి మొక్కల్లో పైరొలిజిడిన్ ఆల్కలాయిడ్లు వేళ్లలోనే పుడతాయి, కానీ పైకి వెళ్లేది జైలం దారిన కాదు, ఫ్లోయం దారిన. వెళ్లి ఎక్కువగా పూల దగ్గర పోగవుతాయి. నేను చేసినట్టు మోడు కోసి జైలం రసం పట్టుకుంటే ఆ మొక్కలో ఏమీ దొరక్క, "వేళ్లలో తయారవడం లేదు" అని తప్పు తీర్పు ఇస్తాను. కోప్టిస్ అనే మందు మొక్కలో బెర్బెరిన్ అనే ఆల్కలాయిడ్ వేళ్లలో పుట్టి భూమిలోనే ఉండే కొమ్ములోకి చేరుతుంది. బిళ్లగన్నేరులో అయితే ఒక్కో ఆల్కలాయిడ్‌ది ఒక్కో కథ.

కాబట్టి ఇప్పుడు కొత్త కేసు వస్తే ముందు ఆ మొక్కకు సంబంధించి మూడు సంగతులు కాగితం మీద పెట్టుకుంటాను: ఎక్కడ పుడుతుంది, ఏ దారిన వెళ్తుంది, ఎక్కడ ఆగుతుంది. అవి రాశాకే సీసా మూత తీస్తాను. కలిపిన శాంపిల్‌తో పాటు కనీసం పది మొక్కల్ని విడిగా నడిపిస్తాను. ఖర్చు ఎక్కువని పెంపకందారులు గొణుగుతారు. ఈ కేసులో ఆ పని మొదటి వారంలోనే చేసి ఉంటే జాస్మొనేట్ సీసా తెరిచేవాళ్లమే కాదు.

శాంపిల్ కాగితంలో ఒక గడి చేర్చాను: "మొక్క సొంత వేళ్ల మీద ఉందా, అంటుదా? అంటు అయితే వేరుమూలం ఏది?" మొన్న ఒక కొత్త చోటు నుంచి వచ్చిన కాగితంలో ఆ గడిలో "తెలియదు" అని రాసి ఉంది. ఆకులు పక్కన పెట్టి, ఒక మొక్కను వేళ్లతో సహా పంపమని ఫోన్ చేశాను.